ర్యామ్ కొనే ముందు మదర్‌బోర్డును అడగండి

బతుకమ్మకు నెల, నెలన్నర ముందు నుంచి నాకొచ్చే వాయిస్ మెసేజ్‌లన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "అన్నా, పాట ప్రాజెక్టు ఓపెన్ చేస్తే సిస్టమ్ సతాయిస్తున్నది. ర్యామ్ వేయిస్తే సెట్ అయితదా?" అవుతుందో కాదో చెప్పడానికి నాకు జాతకం రాదు కాబట్టి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: నీ మదర్‌బోర్డు ఏంటి? అక్కడ నూటికి తొంభై మంది సైలెంట్ అయిపోతారు.

ఈసారి ఆ మెసేజ్ మా ఇంట్లోంచే వచ్చింది. మా అక్క కొడుకు నారాయణఖేడ్‌లో ఉంటాడు. డిగ్రీ అయిపోయింది, ఇంటి మీది రేకుల గదిలో పాటలు చేస్తాడు. ఖేడ్ సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. సంగారెడ్డి జిల్లా అంచున, కర్ణాటక, మహారాష్ట్ర రెండూ దగ్గరపడే ఊరు. బజార్లో పది నిమిషాలు నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, చుట్టుపక్కల తండాల లంబాడీ అన్నీ చెవిన పడతాయి. వాడి దగ్గరికొచ్చే పాటలూ అట్లనే ఉంటాయి. పొద్దున భజన పాట, సాయంత్రం లంబాడీ పెళ్లి పాట, మధ్యలో డీజే రీమిక్స్.

కంప్యూటర్ మాత్రం ఏదో ఆఫీసులో వాడి తీసేసిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్. ఇంటెల్ ఐ5, నాలుగో తరం. ర్యామ్ 8 జీబీ. బతుకమ్మ పాట ఒకటి ఒప్పుకున్నాడు, అడ్వాన్సు తీసుకున్నాడు, ప్రాజెక్టులో వయొలిన్లు, ఫ్లూటు, కోరస్ వేసేసరికి సిస్టమ్ నిలబడిపోయింది. పెళ్లి పాటల మీద దాచుకున్న పైసలు చేతిలో ఉన్నాయి.

"మామా, ఆన్‌లైన్ల మంచి ఆఫర్ ఉన్నది. 16 జీబీ, డీడీఆర్4, 3200. ఇప్పుడే బుక్ చేస్తున్న."

"ఆగురా. బుక్ చెయ్యకు. ముందు నాకు రెండు ఫొటోలు పంపు."

ఆ రెండు ఫొటోల గురించే ఈ వారం కాలమ్. మీ దగ్గర ఏ సిస్టమ్ ఉన్నా ఇవే పని చేస్తాయి.

మొదటిది టాస్క్ మేనేజర్ ఫొటో. అది ఖాళీ డెస్క్‌టాప్ మీద తీసింది కాకూడదు. మిమ్మల్ని ఏడిపిస్తున్న ప్రాజెక్టు ఓపెన్ చేసి, పాట నడుస్తుండగా తీయాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ నొక్కండి. అక్కడ 'ఇన్ యూజ్' ఎంత ఉంది, దాని దగ్గరే 'కమిటెడ్' ఎంత ఉంది అన్నది చూడాలి. మావాడి దాంట్లో ఇన్ యూజ్ 7.5 జీబీ, కమిటెడ్ 12 దాటింది. అంటే ఉన్న 8 జీబీ నిండిపోయి, మిగతాది విండోస్ హార్డ్‌డిస్క్ మీదికి తోసేస్తోంది. పక్కన డిస్క్ గ్రాఫ్ వంద శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. ఇది అసలైన ర్యామ్ కరువు. ఇక్కడ ర్యామ్ వేస్తే ఫలితం కనిపిస్తుంది.

అదే జహీరాబాద్‌లో ఉన్న వాడి దోస్తు పంపిన ఫొటో చూడండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంది, వాడుకలో ఉన్నది 6. కానీ పాట ప్లే చేస్తే చిటపట చప్పుడు. ఆ అబ్బాయి కూడా ర్యామ్ కొనడానికే తయారయ్యాడు. అతనికి 64 జీబీ వేసినా ఆ చిటపట పోదు. ఎందుకంటే అది ప్రాసెసర్‌కు, ఆడియో డ్రైవర్‌కు సంబంధించిన గొడవ. బఫర్ 128 శాంపిల్స్ పెట్టుకున్నాడు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే మూడు మిల్లీసెకన్ల లోపే. అంత టైమ్‌లో అన్ని రివర్బ్‌లూ లెక్కగట్టి పంపడం ఆ పాత ప్రాసెసర్ వల్ల కాలేదు. మిక్సింగ్ చేసేటప్పుడు బఫర్‌ను 512కో 1024కో పెంచుకోమన్నాను. పైసా ఖర్చు లేదు. వాయిస్ రికార్డ్ చేసేటప్పుడు మళ్లీ తగ్గించుకుంటే సరి.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. ట్రాకులు ఎక్కువైతే ర్యామ్ నిండుతుంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో వాయిస్ ట్రాక్ నిమిషానికి తొమ్మిది మెగాబైట్ల లోపే. నాలుగు నిమిషాల పాటలో ఇరవై ట్రాకులున్నా 700 మెగాబైట్లు దాటవు. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు వాటిని డిస్క్ నుంచే చదువుకుంటూ పోతాయి. కాబట్టి మీరు గొంతు, దప్పు, ఢోలక్ లైవ్‌గా రికార్డ్ చేసుకునేవాళ్లయితే మీకు ర్యామ్ పెద్దగా అక్కర్లేదు. ర్యామ్‌ను తినేది శాంపిల్ లైబ్రరీలు. కాంటాక్ట్‌లో ఒక వయొలిన్ సెక్షన్ లోడ్ చేస్తే, ప్రతి స్వరానికీ, మెల్లగా వాయించినదానికీ గట్టిగా వాయించినదానికీ విడివిడిగా రికార్డ్ చేసిన వేల ముక్కల మొదటి భాగాలు ర్యామ్‌లో కూర్చుంటాయి. ఒక్కో పెద్ద ప్యాచ్ కొన్ని వందల మెగాబైట్లు పట్టేయడం మామూలే. అవి పది పెట్టుకుంటే, విండోస్, క్రోమ్, వెనకాల నడుస్తున్న యూట్యూబ్ రెఫరెన్స్ పాట కలిపి 8 జీబీ ఎక్కడ సరిపోతుంది?

సరే, ర్యామ్ కావాలి అని తేలింది. ఇప్పుడు రెండో ఫొటో. కరెంటు తీసేసి, డబ్బా పక్క రేకు విప్పి, ర్యామ్ స్లాట్లు, వాటిలో ఉన్న స్టిక్ మీది స్టిక్కర్ స్పష్టంగా కనపడేలా తీయాలి. మావాడు పంపిన ఫొటోలో స్టిక్కర్ మీద ఉన్నది ఇది: 4జీబీ, పీసీ3ఎల్-12800యు. చూడటానికి లారీ నంబర్‌లా ఉంటుంది గానీ మనకు కావాల్సిందంతా అందులోనే ఉంది.

పీసీ3 అంటే డీడీఆర్3. ఎల్ అంటే తక్కువ వోల్టేజీది, 1.35 వోల్టులు. మామూలు డీడీఆర్3కి 1.5 కావాలి. 12800ను 8తో భాగిస్తే 1600, అది వేగం. చివర్న ఉన్న యు అక్షరం డెస్క్‌టాప్‌కు వేసే మామూలు పొడవాటి స్టిక్ అని చెబుతుంది. అక్కడ ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, పొట్టిది. ఆర్ ఉంటే సర్వర్‌ది. డీడీఆర్4 స్టిక్కర్ల మీద ఇంకా సులువు. పీసీ4-2400 అని వేగమే నేరుగా రాసి ఉంటుంది, ఆ తర్వాత వచ్చే యు, ఎస్, ఆర్ అక్షరాల అర్థం అదే.

అంటే మావాడి బోర్డు డీడీఆర్3ది. వాడు బుక్ చేయబోయిన డీడీఆర్4 అందులోకి దూరదు కూడా. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. కింద ఉండే గంటు కూడా వేరే చోట ఉంటుంది. డీడీఆర్5కీ 288 పిన్నులే, కానీ గంటు మళ్లీ మారింది, వోల్టేజీ మారింది. ఇవి ఒకదాంట్లో ఒకటి పట్టకుండా కావాలనే అలా చేశారు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది, అంతే. "అడాప్టర్ దొరుకుతదా మామా?" అని కూడా అడిగాడు. దొరికేది ల్యాప్‌టాప్ స్టిక్‌ను డెస్క్‌టాప్‌లో పెట్టే అడాప్టర్. డీడీఆర్4ను డీడీఆర్3 చేసేది లేదు.

ఏ ప్రాసెసర్‌కు ఏది అనేది కొంతవరకు పేరు చూసి చెప్పొచ్చు. ఇంటెల్ నాలుగో తరం డెస్క్‌టాప్‌లు డీడీఆర్3. అదే తరం ల్యాప్‌టాప్ అయితే 1.35 వోల్టుల ఎల్ రకమే కావాలి, మామూలుది పెడితే ఆన్ కాదు. ఆరో తరం దగ్గర జాగ్రత్త, ఆ ప్రాసెసర్ డీడీఆర్4నూ తీసుకుంటుంది, డీడీఆర్3ఎల్‌నూ తీసుకుంటుంది. బోర్డు తయారుచేసినవాడు ఏ స్లాట్లు పెట్టాడో అదే మీకు. పన్నెండు, పదమూడు, పద్నాలుగో తరాల్లోనూ ఇదే తకరారు: ఒకే ప్రాసెసర్, ఒక బోర్డు మీద డీడీఆర్4, ఇంకో బోర్డు మీద డీడీఆర్5. ఏఎమ్‌డీ వాళ్లది కాస్త తేలిక. ఏఎమ్4 సాకెట్ అయితే డీడీఆర్4, ఏఎమ్5 అయితే డీడీఆర్5. "ఐ5కి ర్యామ్ ఇవ్వండి" అని షాపులో అడిగితే ఆయనకు ఏం తెలుస్తుంది? చెప్పు కొనేటప్పుడు పేరు చెబితే సరిపోదు కదా, సైజు చెప్పాలి.

గరిష్ఠ పరిమితి ఇంకో సంగతి. నాలుగో తరం ఐ5 మొత్తం 32 జీబీ వరకే తీసుకుంటుంది, అదీ ఒక్కో స్లాట్‌కు 8 జీబీ మించకుండా. ఒకే 16 జీబీ డీడీఆర్3 స్టిక్ తెచ్చి పెడితే నడవదు. మరి రెండే స్లాట్లున్న చిన్న డబ్బా సిస్టమ్ అయితే 16 దగ్గరే ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, అక్కడ 4కి 2 అని కనిపిస్తే రెండు ఖాళీ ఉన్నట్టు. కంపెనీ సిస్టమ్ అయితే మోడల్ నంబర్ కొట్టి మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోండి, మెమరీ పేజీలో ఏ సైజు స్టిక్కులు, ఏ స్లాట్‌లో ముందు పెట్టాలి అన్నీ రాసి ఉంటాయి. అసెంబుల్ చేసింది అయితే బోర్డు తయారీ కంపెనీ సైట్‌లో వాళ్లు పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డబ్బా విప్పకుండానే బోర్డు పేరు, ర్యామ్ రకం చూపిస్తుంది. అందులో ఒక్క తిరకాసు ఉంది. 1600 ర్యామ్‌ను అది 800 అని చూపిస్తుంది. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపేది, ఈ సాఫ్ట్‌వేర్ క్లాక్‌ను మాత్రమే చెబుతుంది. "సగం వేగంతో నడుస్తున్నది, మోసపోయిన" అని కంగారు పడకండి.

ఇక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే సీటీసీకి, పోయి కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించాలా అని అడుగుతారు. ఖేడ్ నుంచి అంటే జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా వంద కిలోమీటర్లు దాటి ప్రయాణం. తప్పు స్టిక్ తెచ్చుకుంటే మళ్లీ అంత దూరం. ఆ రోజు కూలీ, బస్సు ఖర్చు కలిపితే స్టిక్ ధరలో మంచి వాటా. నా సలహా అడిగితే, డీడీఆర్3 లాంటి పాత రకానికి షాపుకే పొండి, మీ పాత స్టిక్ జేబులో వేసుకుని పొండి. దాన్ని బల్ల మీద పెట్టి "దీనికి జోడీ కావాలి" అనండి. పని చేయకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. కొత్త డీడీఆర్4, డీడీఆర్5 అయితే ఎక్కడైనా ఒకటే, వెనక్కి తీసుకునే షరతు ఉంటే చాలు.

చవకగా దొరికే రెండు రకాల దగ్గర మాత్రం ఆగండి. ఒకటి సర్వర్ ర్యామ్. పెద్ద పెద్ద కంపెనీలు తీసేసినవి, 16 జీబీ స్టిక్ ముచ్చటగా తక్కువ ధరకు కనిపిస్తుంది, స్టిక్కర్ మీద ఆర్ అక్షరం ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్ బోర్డులో అది లేవదు. రెండోది 'ఏఎమ్‌డీకి మాత్రమే' అని చిన్న అక్షరాల్లో రాసి అమ్మే డీడీఆర్3. అది ఇంటెల్ బోర్డుల్లో నడవదు. యాడ్‌లో ఆ ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది, ధర మాత్రం పైనే పెద్దగా ఉంటుంది.

ధర అంటే గుర్తొచ్చింది. 2025 చివరి నుంచి కొత్త ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. కొన్ని డీడీఆర్5 జతల రేటు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు కావాలి, తయారుచేసే పెద్ద కంపెనీలు మూడే, వాళ్లు లాభం ఎక్కువున్న దిక్కు మళ్లారు. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో చాట్‌బాట్ కోసం కట్టే గోడౌన్‌కూ, ఖేడ్‌లో బతుకమ్మ పాటకూ ఇలా లంకె పడుతుందని ఎవరనుకున్నారు! అందుకే ఇప్పుడు తప్పు ర్యామ్ కొంటే తగిలే దెబ్బ గట్టిదే. పాత సిస్టమ్ ఉన్నవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో డీడీఆర్3 ఇంకా అందుబాటులోనే ఉంది.

వేగం గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. సంగీతం పనికి ముందు కావాల్సింది సైజు, తర్వాత నిలకడ. వేర్వేరు వేగాల స్టిక్కులు కలిపితే అన్నీ అందులో నెమ్మదైనదాని వేగంతో నడుస్తాయి. 3200 కొని 2400 పక్కన పెడితే మీకు దక్కేది 2400. గేమింగ్ వాళ్ల వీడియోలు చూసి బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేస్తారు కొందరు. ర్యామ్‌ను దాని పెట్టె మీద రాసిన గరిష్ఠ వేగానికి తోసే సెట్టింగ్ అది. బాగానే నడవొచ్చు. కానీ గాయని మైకు ముందు నిలబడి మంచి టేక్ ఇస్తున్నప్పుడు నీలి తెర వచ్చిందనుకోండి, ఆ టేక్ మళ్లీ రాదు. నేనైతే ఆ సెట్టింగ్ ముట్టుకోను. స్టిక్కులు మాత్రం జతగా వేయండి. ఒకే సైజువి రెండు, సరైన స్లాట్లలో పెడితే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో రెండు స్టిక్కులే వేస్తే చాలావాటిలో రెండోది, నాలుగోది వాడమంటారు. అయినా మాన్యువల్ చూసే వేయండి, ఎందుకంటే కంపెనీ డబ్బాల్లో కొన్నిటికి ఒకటి, రెండు అని ఉంటుంది.

మావాడి సిస్టమ్‌లో నాలుగు స్లాట్లు, వాటిలో రెండు 4 జీబీలు. ఇంకో రెండు 8 జీబీలు, అదే పీసీ3ఎల్-12800యు రకం, సెకండ్‌హ్యాండ్‌వి వేయించాం. మొత్తం 24. వేసే ముందు స్విచ్ ఆపడమే కాదు ప్లగ్గు కూడా పీకాలి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోవాలి. గంటు సరిచూసి, రెండు చివర్లా సమంగా నొక్కితే టక్కుమని క్లిప్పు పడుతుంది. సెకండ్‌హ్యాండ్ స్టిక్ అయితే బంగారు రంగు పిన్నుల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేయండి. రిపేర్ షాపుల్లో సగం 'ర్యామ్ ప్రాబ్లమ్'లు ఆ రబ్బరుతోనే పోతాయి. ఆన్ చేస్తే స్క్రీన్ రాకపోతే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి. డీడీఆర్5 అయితే మొదటిసారి ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉండొచ్చు, తొందరపడి ఆఫ్ చేయకండి.

ఆన్ అయింది కదా అని అప్పుడే డబ్బా మూసేయొద్దు. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున లేచేసరికి ఒక్క ఎర్రర్ ఉన్నా ఆ స్టిక్ వెనక్కి పోవాల్సిందే. "ఒక్కటే కదా" అని ఉంచుకుంటే అది మీ ప్రాజెక్టు ఫైల్ సేవ్ అయ్యేటప్పుడే పలుకుతుంది. మావాడి రెండు కొత్త స్టిక్కుల్లో ఒకటి ఇలాగే ఎర్రర్లు చూపించింది. బిల్లు మీద పదిహేను రోజుల గడువు రాయించుకున్నాడు కాబట్టి షాపాయన మారు మాట లేకుండా మార్చి ఇచ్చాడు. ఇప్పుడు అదే ప్రాజెక్టు 12 జీబీ దాకా తీసుకుని హాయిగా నడుస్తోంది. పాట సద్దుల బతుకమ్మకు వారం ముందే వెళ్లిపోయింది.

మరి ర్యామ్ మార్చే వీలే లేనివాళ్లు? చాలా సన్నటి ల్యాప్‌టాప్‌ల్లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. యాపిల్ ఎమ్ సిరీస్ మ్యాక్‌లన్నీ అంతే, కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. వీళ్లు ఉన్నదాంతోనే సర్దుకోవాలి. కాంటాక్ట్‌లో 'పర్జ్' అనే మెనూ ఉంది. మొత్తం శాంపిల్స్‌ను పర్జ్ చేసి పాటను ఒకసారి ప్లే చేస్తే, మీరు నిజంగా వాడిన స్వరాలు మాత్రమే మళ్లీ లోడ్ అవుతాయి. లైబ్రరీ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే ప్రీలోడ్ బఫర్ కూడా తగ్గించొచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో పెద్ద ఆడియో క్లిప్పులకు 'కీప్ ఆన్ డిస్క్' టిక్ పెట్టండి. ఇంకా చాలకపోతే వయొలిన్ ట్రాక్‌ను ఆడియోగా మార్చేసి, ఆ ఇన్‌స్ట్రుమెంట్‌ను ప్రాజెక్టులోంచి తీసేయండి. రీపర్‌లో దాన్ని ఫ్రీజ్ అంటారు, ఎఫ్‌ఎల్‌లో కన్సాలిడేట్. తీసేసే ముందు మాత్రం పాత ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే మిక్సింగ్ మొత్తం అయిపోయాక పాడినామె ఫోన్ చేసి శ్రుతి ఒక అర మెట్టు తగ్గించమంటుంది.